మంచు గుడిలో జర్మన్ సైనికులు, తెరుచుకోని తలుపు: డూమ్2 మోడ్ సాయం కావాలి

కొత్తగన్ను | సోమవారం, రాత్రి 9:14

అందరికీ హాయ్. డూమ్2 అనే పాత తుపాకీ ఆట కొన్నా, దాన్ని ఇప్పటి కంప్యూటర్‌లో నడిపే జీజెడ్‌డూమ్ అనే ప్రోగ్రామ్ దించుకున్నా, అభిమానులు చేసిన ఒక మ్యాప్‌ల సెట్టు, ఒక గన్‌ల మోడ్డు (ఆటని మార్చే ఫైలు) కలిపి ఆడుతున్నా. గన్‌లు అదుర్స్. పేలిస్తే ఖాళీ తూటాలు నేల మీద దొర్లుతున్నాయి, గోడల మీద మరకలు అలాగే ఉంటున్నాయి. మూడు లెవెళ్లు హాయిగా అయిపోయాయి. నాలుగోది మంచులో గుడి లాంటి చోటు, చిక్కంతా అక్కడే. మెట్ల మీద నీలం యూనిఫాం వేసుకున్న సైనికులు నిలబడి జర్మన్‌లో ఏదో అరుస్తున్నారు. మంచు గుడిలో వీళ్లెవరు? సరేలే అని అందర్నీ చంపేశా. రాక్షసుల లెక్క నూటికి నూరు చూపిస్తోంది. కానీ ఆఖరి తలుపు తెరుచుకోవట్లేదు. మీట లేదు, తాళంచెవి అడగట్లేదు, కొడితే "ఊఁ" అని మూలుగు తప్ప ఏం లేదు. గంటసేపు గోడలు తడుముకుంటూ తిరిగా. ఎవరికైనా తెలుసా?

వాడ్_మామ | సోమవారం, రాత్రి 9:31

ఏ మ్యాప్ సెట్టు? ఏ గన్ మోడ్డు? ఏ వెర్షన్? పేర్లు చెప్పకుండా సాయం అడిగితే ఎలా బాబూ?

కొత్తగన్ను | సోమవారం, రాత్రి 9:36

అదే బ్రో... పేర్లు మరీ పొడుగ్గా ఉన్నాయని 1.వాడ్, 2.పీకే3 అని మార్చేసుకున్నా. ఎక్కడ దించుకున్నానో గుర్తులేదు, చాలా సైట్లు తిరిగా. బ్యాట్ ఫైల్లో ఇలా ఉంది: జీజెడ్‌డూమ్ -ఐవాడ్ డూమ్2.వాడ్ -ఫైల్ 1.వాడ్ 2.పీకే3. జిప్‌లో ఏదో టెక్స్ట్ ఫైల్ ఉండేది, అనవసరం అని డిలీట్ కొట్టేశా.

వాడ్_మామ | సోమవారం, రాత్రి 9:38

టెక్స్ట్ ఫైల్ డిలీట్ కొట్టావు. సరే. నేను కాసేపు బయట తిరిగొస్తా.

పాతపీసీ_పాపయ్య | సోమవారం, రాత్రి 9:52

మామని పట్టించుకోకు, ఆయనంతే. నీ సమస్య సింపుల్ బ్రో. ఆర్డర్ తప్పు. జీజెడ్‌డూమ్‌లో వెనకాల వేసింది ముందు వేసినదాన్ని కప్పేస్తుంది. గన్ మోడ్ వెనకాల ఉంది కాబట్టి మ్యాప్ వాళ్ల రాక్షసుల్ని మింగేసింది. తిరగేసి 2.పీకే3 ముందు, 1.వాడ్ తర్వాత పెట్టు. అంతే, పనైపోద్ది.

కొత్తగన్ను | సోమవారం, రాత్రి 10:10

తిరగేశా బ్రో. టైటిల్ బొమ్మ మారింది. జర్మన్ వాళ్లు మాత్రం అక్కడే ఉన్నారు. తలుపూ అంతే.

పాతపీసీ_పాపయ్య | సోమవారం, రాత్రి 10:13

ఐతే ఐడీక్లిప్ అనే చీట్ కోడ్ కొట్టి గోడలోంచి వెళ్లిపో 😄

క్వేక్_భక్తుడు | సోమవారం, రాత్రి 10:20

ఇందుకే నేను క్వేక్ ఆట దగ్గరే ఉండిపోయా. మోడ్ ఫోల్డర్‌ని ఆట సొంత ఫోల్డర్ ఐడీ1 పక్కన పెట్టు, -గేమ్ అని దాని పేరు కొట్టు, ఐపోయింది. వరసా లేదు, గొడవా లేదు.

నిశాచరి | సోమవారం, రాత్రి 11:02

భక్తుడు గారూ, "గొడవ లేదు" అని మీరంటున్నారు గానీ, మొన్న "క్వేక్ మోడ్ పనిచేయట్లేదు" అని పది పోస్టులు పెట్టిన మనిషి కథ గుర్తుందా? జిప్ విప్పినప్పుడు ఫోల్డర్‌లో మళ్లీ అదే పేరుతో ఫోల్డర్ వచ్చింది, ప్రోగ్స్.డాట్ అనే మోడ్ అసలు ఫైలు లోపలి దాంట్లో ఉండిపోయింది. క్వేక్‌కి బయటి ఫోల్డర్‌లో ఏం దొరక్క మామూలు ఆటే మొదలుపెట్టింది. పాపం ఆయన అదే మోడ్ అనుకుని మొదటి లెవెల్ రెండుసార్లు ఆడేశారు 🙂

కొత్తగన్ను, మీ సంగతి చూద్దాం. జర్మన్ సైనికులు అన్నారు చూడండి, అసలు ఆధారం అదే. వాళ్లు డూమ్2లోనే ఉన్నారు, 31, 32 నంబర్ల రహస్య లెవెళ్లలో మాత్రమే కనపడతారు. అక్కడికి తప్ప ఇంకెక్కడికీ రారు కాబట్టి మ్యాప్‌లు చేసేవాళ్లు ముందుగా వాళ్లనే బలి ఇస్తారు. దాని గురించి తర్వాత చెప్తా. ముందు ఒక పని చేయండి. 1.వాడ్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పిచ్చి పిచ్చి గుర్తులు వస్తాయి, భయపడకండి, ఏమీ సేవ్ చేయకండి. మొదటి నాలుగు అక్షరాలు ఏమున్నాయో చెప్పండి.

కొత్తగన్ను | సోమవారం, రాత్రి 11:09

పీవాడ్ అని ఉంది అన్నా. 2.పీకే3లో మొదట పీకే అని రెండక్షరాలే ఉన్నాయి.

నిశాచరి | సోమవారం, రాత్రి 11:15

అన్న కాదు, అక్క 🙂

మంచిది. ఐవాడ్ అంటే అసలు ఆట సరుకంతా ఉన్న ఫైలు, పీవాడ్ అంటే దాని మీద వేసే అతుకు. పీకే3 అంటే పేరు మార్చుకున్న జిప్ ఫైలే, అందుకే మొదట్లో పీకే అని ఉంది. ఆ పద్ధతి 1999లో క్వేక్3 నుంచి వచ్చింది, తర్వాత డూమ్ పోర్టులు (జీజెడ్‌డూమ్ లాగా పాత ఆటని నడిపే కొత్త ప్రోగ్రాములు) కూడా అలవాటు చేసుకున్నాయి. అంటే మీ ఫైళ్లు చెడిపోలేదు. ఇప్పుడు స్లేడ్ అని ఒక ఎడిటర్ ఉంది, ఉచితం. దాంట్లో 1.వాడ్ తెరిచి, ఎడమ పక్క వరసలో డెహాక్డ్ అని గానీ కాంప్‌లెవెల్ అని గానీ పేరున్న ముక్కలు ఉన్నాయేమో చూడండి. రెండో పేరులో లెవెల్ అన్న మాట అచ్చులు తీసేసి పొట్టిగా రాసి ఉంటుంది, పోల్చుకోండి.

వాడ్_మామ | సోమవారం, రాత్రి 11:20

వచ్చా. నిశాచరి దారిలో పెట్టింది. అవి రెండూ ఉంటాయి, పందెం.

కొత్తగన్ను | మంగళవారం, ఉదయం 7:48

ఉన్నాయి! రెండూ ఉన్నాయి. కాంప్‌లెవెల్ తెరిస్తే లోపల ఎంబీఎఫ్21 అని ఒక్క మాట. డెహాక్డ్ తెరిస్తే వేల లైన్లు. "థింగ్", "ఫ్రేమ్" అని పక్కన నంబర్లు. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఏదో ఇంటి పునాది తవ్వి చూసినట్టుంది అక్కా.

వాడ్_మామ | మంగళవారం, ఉదయం 8:30

బాగా అడిగావు కాబట్టి ఈసారి పొడుగ్గా చెప్తా.

1993 డిసెంబర్‌లో వచ్చిన డూమ్‌ని మోడ్‌ల కోసమే కట్టినట్టుంటుంది. బొమ్మలు, శబ్దాలు, మ్యాప్‌లు అన్నీ వాడ్ ఫైల్లో పెట్టి, ప్రోగ్రామ్‌ని విడిగా ఉంచారు. వాడ్ అంటేనే "డేటా అంతా ఎక్కడుంది" అన్న ఇంగ్లిష్ ప్రశ్నలోని పొడి అక్షరాలు. అందుకే కొత్త మ్యాప్ వేయడం తేలిక. కానీ రాక్షసుల ప్రవర్తన, అంటే ఎంత దెబ్బకి చస్తాడు, ఎన్ని అడుగుల తర్వాత కాలుస్తాడు, ఇవన్నీ ప్రోగ్రామ్ కడుపులోనే ఉండిపోయాయి. డూమ్2లో 137 రకాల వస్తువులు, 967 ఫ్రేములు (కదలికల ముక్కలు). అంతే. 138వ వస్తువుని చేర్చే దారి లేదు.

1994లో డెహాక్డ్ అని ఒక పనిముట్టు వచ్చింది. డూమ్ ప్రోగ్రామ్ ఫైల్లోకే చేయి పెట్టి ఆ అంకెల్ని మార్చేది. కొత్తవాణ్ణి పుట్టించలేదు గానీ ఉన్నవాడికి కొత్త వేషం వేయగలదు. మన వీధి నాటకంలో మనుషులు తక్కువైతే భటుడే మీసం తీసి మంత్రి అవుతాడు చూడు, అదే లెక్క. ఆ మీసం తీసే పనికి ఎప్పుడూ దొరికేది ఆ జర్మన్ సైనికుడే, ఎందుకంటే ఆయనకి సొంత సీన్లు రెండే. 32వ లెవెల్లో వేలాడే కమాండర్ కీన్ అనే బొమ్మది కూడా అదే గతి.

కాబట్టి నీ మంచు గుడిలో సైనికుడు అసలు సైనికుడు కాదు. మ్యాప్ చేసినాయన వాణ్ణి ఏదో మంచు రాక్షసుడిగా మార్చాడు. నీ గన్ మోడ్ ఏం చేసింది? "సైనికుడు ఎక్కడ కనపడితే అక్కడ నా సొంత సైనికుణ్ణి పెట్టు" అంది. మ్యాప్ వాళ్ల వేషం పోయింది, గన్ మోడ్ వాళ్ల సైనికుడు వచ్చి నిలబడ్డాడు.

పాపయ్యా, తిరగేసినా ఎందుకు లాభం లేదో చూడు. డెహాక్డ్ మార్పులు ఆట సొంత సైనికుడికి అంటుకుంటాయి. గన్ మోడ్ ఆ సైనికుణ్ణే పక్కకి తోసి వేరేవాణ్ణి దించుతుంది. వేషం వేసుకున్నవాడు తెర వెనకాలే ఉండిపోతాడు. ఫైళ్లని ఎన్నిసార్లు అటూ ఇటూ మార్చినా ఇదే కథ. బొమ్మలు, శబ్దాలు, మ్యాప్‌ల విషయంలో మాత్రం నువ్వు చెప్పింది కరెక్టే, వెనకాల వచ్చినదే గెలుస్తుంది. టైటిల్ బొమ్మ మారింది అందుకే.

ఇక తలుపు. డూమ్‌లో కీన్ చచ్చేటప్పుడు ఒక చిన్న తనిఖీ నడుస్తుంది: నా రకం వాళ్లందరూ పోయారా? పోతే 666 అని ట్యాగ్ ఉన్న తలుపు తెరువు. తర్వాతి రోజుల్లో ఆ తనిఖీని డెహాక్డ్‌తో ఏ రాక్షసుడి చావుకైనా తగిలించే వీలొచ్చింది. నీ మ్యాప్‌లో అది మంచు రాక్షసుల చావుకి తగిలించి ఉంటుంది. గన్ మోడ్ సైనికుడికి ఆ తనిఖీ తెలియదు. వాడు చస్తాడు, రక్తం చిమ్ముతాడు, తలుపుకి మాత్రం కబురు పోదు.

పాతపీసీ_పాపయ్య | మంగళవారం, ఉదయం 8:41

ఒప్పుకున్నా మామా. ఇన్నేళ్లూ ఏది పాడైనా ఆర్డర్ మార్చుకుంటూ బతికేశా.

కొత్తగన్ను | మంగళవారం, ఉదయం 8:55

వామ్మో. అంటే నేను చంపింది తప్పు మనుషుల్ని అన్నమాట. ఐతే ఇప్పుడేం చేయాలి? గన్ మోడ్ వదిలేయాలా? దానికోసమే కదా ఇదంతా 😭

నిశాచరి | మంగళవారం, మధ్యాహ్నం 1:05

ఈ మ్యాప్‌లకి వదిలేయండి. ముందు -ఫైల్ 1.వాడ్ ఒక్కటే పెట్టి చూడండి. జీజెడ్‌డూమ్ కొత్త వెర్షన్ అయితే ఎంబీఎఫ్21 అనే ఆ నియమాల సెట్టుని అర్థం చేసుకుంటుంది. నన్నడిగితే ఇలాంటి సెట్లకి డీఎస్‌డీఏ-డూమ్ అనే ఇంకో పోర్ట్ ఇంకా నయం. కాంప్‌లెవెల్ ముక్క చూసి ఏ నియమాలతో నడవాలో అదే నిర్ణయించుకుంటుంది, మనం ఏం కొట్టక్కర్లేదు. కానీ మీ గన్ మోడ్ అందులో ఎక్కదు, పీకే3లో ఉండే స్క్రిప్టులు దానికి రావు.

గన్‌లే ముఖ్యం అంటే రెండు దారులున్నాయి. కొన్ని గన్ మోడ్‌లు రాక్షసుల జోలికి పోకుండా ఆయుధాలు మాత్రమే ఉండే కూర్పు కూడా ఇస్తాయి. దాంతో ఇలాంటి మ్యాప్‌లు చాలావరకు నడుస్తాయి, మ్యాప్ వాళ్లు ఆయుధాల్ని కూడా మార్చి ఉంటే తప్ప. లేదంటే గన్ మోడ్‌ని దాని చోట, అంటే డెహాక్డ్ లేని పాత సాదా మ్యాప్‌ల మీద వాడుకోండి. 2003 నాటి సైథ్ అని ఒకటుంది, 32 లెవెళ్లు. మొదటి పదీ బుల్లి బుల్లివి, ఒక్కోటి కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. ఆఖర్లో మాత్రం ప్రాణం తీస్తుంది.

ఇంకో మాట. గన్ మోడ్‌తో చేసుకున్న సేవ్‌లు ఇప్పుడు తెరుచుకోవు. సేవ్‌లో ఏయే ఫైళ్లతో ఆడారో రాసుకుంటుంది, అవి లేకపోతే ససేమిరా అంటుంది. మొదటి నుంచి ఆడాల్సిందే.

క్రోబార్_కిట్టు | మంగళవారం, మధ్యాహ్నం 2:22

మంచి చర్చ. హాఫ్-లైఫ్ ఆట వాళ్ల తరఫున ఒక మాట, ఎవరైనా వెతుక్కుంటూ వస్తే పనికొస్తుంది. పాత హాఫ్-లైఫ్ మోడ్ ఫోల్డర్‌ని వాల్వ్ అనే ఫోల్డర్ పక్కన పెట్టాలి, దాని లోపల కాదు. మోడ్ ఫోల్డర్ తెరవగానే లిబ్‌లిస్ట్.గామ్ అనే చిన్న ఫైలు మొదటి మెట్టులోనే కనపడాలి. తర్వాత స్టీమ్ మూసి తెరిస్తే మోడ్ పేరు మీ ఆటల వరసలో వచ్చేస్తుంది. 2023 నవంబర్‌లో 25 ఏళ్ల అప్‌డేట్ వచ్చింది. ఒక పాత మోడ్ దాని మీద మొరాయిస్తే, ఆట ప్రాపర్టీస్‌లో బీటాలు అన్నచోట అంతకుముందు బిల్డ్ కూడా ఉంచారు. అది ఎంచుకుని చూడండి.

కౌంటర్-స్ట్రైక్ కూడా 1999లో ఇలాంటి ఫోల్డర్‌గానే మొదలైంది. మా అన్నయ్య దాన్ని "మోడ్" అనేవాడు, నేను వేరే ఆట అనుకునేవాణ్ణి.

క్వేక్_భక్తుడు | మంగళవారం, మధ్యాహ్నం 2:40

టీమ్ ఫోర్ట్రెస్ 1996లో క్వేక్ మోడ్‌గా పుట్టింది, అది మర్చిపోకండి 😎 నిశాచరి గారూ, ఫోల్డర్‌లో ఫోల్డర్ కథ నాదే. పేరు చెప్పనందుకు థాంక్స్. పది పోస్టులు కాదు, ఏడే.

లినక్స్ వాళ్లకి: పాక్0.పాక్ అనే క్వేక్ డేటా ఫైలు పేరు పెద్దక్షరాల్లో ఉంటే పోర్ట్‌కి కనపడకపోవచ్చు. ఇంగ్లిష్ చిన్నక్షరాల్లోకి పేరు మార్చుకోండి. ఇంకా, ఆర్కేన్ డైమెన్షన్స్ లాంటి భారీ మోడ్‌లని 1996 నాటి అసలు ప్రోగ్రామ్ మీద వేసి క్రాష్ అయిందని ఏడవకండి. అంత పెద్ద మ్యాప్‌లు దానికి పట్టవు. క్వేక్‌స్పాజమ్ గానీ ఐరన్‌వెయిల్ గానీ, ఆ కొత్త పోర్టులు వాడండి.

పాతపీసీ_పాపయ్య | మంగళవారం, సాయంత్రం 6:15

నాదో చిన్న డౌట్, కలిపి అడిగేస్తున్నా. నా పాత మెషిన్‌లో చాకొలెట్ డూమ్ అనే పోర్ట్ బాగా నడుస్తుంది. కానీ ఒక కొత్త మ్యాప్ వేస్తే పెద్ద హాల్లోకి అడుగుపెట్టగానే "విజ్‌ప్లేన్‌లు ఇక లేవు" అన్న అర్థం వచ్చే ఎర్రర్ ఇచ్చి మూసుకుపోతోంది. ర్యామ్ చాలదా?

వాడ్_మామ | మంగళవారం, సాయంత్రం 6:50

ర్యామ్ సంగతి కాదు. అసలు డూమ్ ఒక్క చూపులో నేలలు, పైకప్పులు కలిపి 128 రకాల ముక్కల్ని మాత్రమే గీయగలదు. ఎత్తు, వెలుతురు, బొమ్మ, వీటిలో ఏది మారినా వేరే ముక్క కింద లెక్క. 129వది రాగానే ఆట చేతులెత్తేస్తుంది. చాకొలెట్ డూమ్ చేసినవాళ్లు అసలు ఆటలో ఉన్న లోపాల్ని కూడా ఉన్నవున్నట్టు కాపాడతాం అని ఒట్టు పెట్టుకున్నారు, కాబట్టి ఆ గోడ కూడా అలాగే ఉంచారు. అదే కుటుంబంలో క్రిస్పీ డూమ్ ఉంది. చూడటానికి ఇంచుమించు అలాగే ఉంటుంది, ఈ హద్దుల్ని మాత్రం తీసేసింది. నీ మెషిన్‌కి బరువు కాదు.

మ్యాప్ టెక్స్ట్ ఫైల్లో "లిమిట్ రిమూవింగ్" అని రాసి ఉంటే దాని అర్థం ఇదే. నీ దగ్గరన్నా టెక్స్ట్ ఫైల్ ఉందా, నువ్వూ పారేశావా?

పాతపీసీ_పాపయ్య | మంగళవారం, సాయంత్రం 6:58

ఉంది మామా. ఇప్పుడే తెరిచా. రాసి ఉంది 🙈

క్రోబార్_కిట్టు | మంగళవారం, రాత్రి 8:05

సందట్లో సడేమియా. మైహౌస్ అనే డూమ్2 మ్యాప్ ఆడదామని దించుకున్నా, చాలా మామూలు ఇల్లు. దీనికి 2023లో అంత గోల ఎందుకు చేశారో అర్థం కాలేదు. పావుగంటలో అయిపోయింది.

నిశాచరి | మంగళవారం, రాత్రి 8:12

కిట్టు గారూ, మీరు వాడ్ వేశారు కదూ? పక్కనే పీకే3 ఉంది. జీజెడ్‌డూమ్‌లో అది వేయండి. ఇంకేం చెప్పను, ఎక్కడా చదవకండి కూడా. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

క్రోబార్_కిట్టు | మంగళవారం, రాత్రి 11:47

ఏంటిది. ఏంటిది అసలు. నేను మళ్లీ అదే గదిలోకి వెళ్లా కదా...

నిశాచరి | మంగళవారం, రాత్రి 11:50

ష్ష్. కొత్తవాళ్లు చదువుతున్నారు.

కొత్తగన్ను | బుధవారం, రాత్రి 10:33

అయిపోయింది!! డీఎస్‌డీఏ-డూమ్‌లో 1.వాడ్ ఒక్కటే పెట్టి మొదటి నుంచి ఆడా. నాలుగో లెవెల్లో మెట్లు ఎక్కితే... సైనికులు లేరు. తెల్లగా, గాజు పలకల్లాంటి భుజాలతో ఏవో నిలబడి ఉన్నాయి, కదిలితే మంచు విరిగే చప్పుడు. ఆరు ఉన్నాయి. నా మామూలు షాట్‌గన్‌తో వాటి ముందు నిలబడటానికి పదకొండు సార్లు చచ్చా. ఆఖరిది పడిపోయాక ఒక్క క్షణం ఏమీ కాలేదు. మళ్లీ తెరుచుకోదేమో అనుకుని గుండె జారింది. అప్పుడు వెనకాల ఎక్కడో గరగరమని రాయి జరిగిన శబ్దం. పరిగెత్తుకెళ్లి చూస్తే తలుపు సగం పైకి లేచి ఉంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డా, ఒట్టు.

పైగా ఆ రాక్షసులు ఉంటే తప్ప ఆ మెట్లు అలా ఎందుకు కట్టారో అర్థం కాదు. వాటి మంచు బాణాలు నెమ్మదిగా వస్తాయి, స్తంభాల వెనక దాక్కోవచ్చు. సైనికుల తూటాలకి ఆ స్తంభాలు దండగ, కనపడగానే తగులుతాయి కదా.

వాడ్_మామ | బుధవారం, రాత్రి 10:41

ఇప్పుడు మ్యాప్ కట్టినాయన లెక్క నీకు కనపడింది. అసలు పేరేంటో కనుక్కున్నావా?

కొత్తగన్ను | బుధవారం, రాత్రి 10:58

కనుక్కున్నా మామా. బ్రౌజర్ డౌన్‌లోడ్ల వరసలో పాత జిప్ పేరు దొరికింది, మళ్లీ దించా. టెక్స్ట్ ఫైల్లో రెండో పేరాలోనే ఉంది: కొత్త రాక్షసులు ఉన్నాయి, గేమ్‌ప్లే మోడ్‌లతో కలిపి ఆడకండి అని. కింద గీత కూడా గీశాడు పాపం.

నిశాచరి | బుధవారం, రాత్రి 11:04

😂 పర్లేదండి. ఇక్కడ అందరం ఒకసారి డిలీట్ కొట్టినవాళ్లమే. మామ కూడా.

వాడ్_మామ | బుధవారం, రాత్రి 11:06

ఆ విషయం ఇక్కడ అవసరమా?

కొత్తగన్ను | బుధవారం, రాత్రి 11:20

సైథ్ దించుకున్నా అక్కా, గన్ మోడ్ దాని మీద వేస్తా. పేరు మార్చలేదు. టెక్స్ట్ ఫైల్ తెరిచే ఉంది, చదువుతున్నా. డూమ్2 కావాలట. ఉంది. వెళ్తున్నా.